మీ ఫోన్ స్క్రీన్ అంతా డబ్బాలే: అమ్మ కొలతల యాప్‌తో యూఐ బేసిక్స్

ఈ ఎపిసోడ్‌లో కోడ్ పెద్దగా రాయం. ముందు మీ ఫోన్‌తో ఒక చిన్న పని చేద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్ తెరవండి. అందులో బిల్డ్ నంబర్ అనే లైన్ ఉంటుంది, దాని మీద వరసగా 7 సార్లు నొక్కండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ లైన్ ఇంకో పేరుతో, ఇంకో చోట ఉంటుంది, కాస్త వెతుక్కోవాలి. నొక్కగానే డెవలపర్ ఆప్షన్స్ అని కొత్త మెనూ వస్తుంది. అందులో షో లేఅవుట్ బౌండ్స్ అనేది ఒక్కటి ఆన్ చేయండి. మిగతావాటి జోలికి వెళ్లకండి. ఇప్పుడు మీరు రోజూ వాడే ఏదో ఒక యాప్ తెరవండి.

ఏం కనిపిస్తోంది? ప్రతి మాట చుట్టూ, ప్రతి బొమ్మ చుట్టూ సన్నటి గీతలు. గుండ్రంగా ఉండే ప్రొఫైల్ ఫోటో చుట్టూ కూడా నాలుగు మూలల డబ్బానే. ఆ డబ్బా ఇంకో డబ్బాలో, అది ఇంకా పెద్ద డబ్బాలో. యాప్ స్క్రీన్ అంటే ఇంతే. డబ్బాలో డబ్బా, డబ్బాలో డబ్బా. మన అమ్మమ్మల ఇళ్లలో స్టీలు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టేవాళ్లు చూడండి, అలాగే.

ఒకవేళ గీతలేవీ కనపడక మొత్తానికి ఒకటే పెద్ద డబ్బా కనిపిస్తే, ఆ యాప్ ఫ్లట్టర్‌తో చేసింది అయి ఉండొచ్చు. ఫ్లట్టర్ ఆండ్రాయిడ్ ఇచ్చే బటన్లు, టెక్స్ట్ బాక్సులు వాడుకోదు. ఒక ఖాళీ కాన్వాస్ అడిగి తీసుకుని అన్నీ తనే గీసుకుంటుంది. నేను ఈ రోజు చెప్పేది ఫ్లట్టర్ భాషలోనే చెప్తాను, ఎందుకంటే నా మొదటి యాప్ అందులోనే చేశా. గూగుల్ వాళ్లు 2018 డిసెంబర్‌లో దాని 1.0 వెర్షన్ ఇచ్చారు. అందులో ఈ డబ్బాల్ని విడ్జెట్లు అంటారు. మీరు జెట్‌ప్యాక్ కంపోజ్ నేర్చుకుంటున్నా, స్విఫ్ట్ యూఐ నేర్చుకుంటున్నా పేర్లు మారతాయి గానీ లెక్క దాదాపు ఇదే.

డబ్బాలు సరే, ఏ డబ్బా ఎంత సైజు ఉండాలో ఎవరు చెప్తారు? ఈ ఒక్క ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాకపోవడం వల్ల ఒక పెళ్లికూతురి జాకెట్టు పాడైంది. ఆ కథతోనే మొదలుపెడతా.

మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వచ్చినవాళ్ల కొలతలన్నీ ఒక పొడుగు నోటు పుస్తకంలో రాసుకునేది. భుజం, చేతి పొడవు, చంక, నడుము, ముందు మెడ, వెనక మెడ. ఆ పుస్తకం మీద నూనె పడి, పేజీలు ఊడిపోయి, ఎవరి కొలత ఎక్కడుందో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. నేను అప్పుడే ఫ్లట్టర్ నేర్చుకుంటున్నా. "అమ్మా, నీకో యాప్ చేసిస్తా, పేరు కొట్టగానే కొలతలు వచ్చేస్తాయి" అన్నా. మొత్తానికి మూడే స్క్రీన్లు. కస్టమర్ల లిస్టు, కొలతలు ఎక్కించే ఫారం, కొలతలు చూపించే పేజీ.

అమ్మ టేపు పట్టుకుని అంకె చెప్తే "పదిన్నర" అంటుంది, పది పాయింట్ ఐదు అనదు. పుస్తకంలో కూడా పది పక్కన అర గుర్తు వేస్తుంది. అందుకని లోపల 10.5 అని సేవ్ చేసినా, చూపించేటప్పుడు 10, ఒక ఖాళీ, ½ అని వచ్చేలా రాశా. ఎంత బాగా ఆలోచించానో అని మురిసిపోయా కూడా.

ఆ పేజీలో ప్రతి కొలతకీ ఒక రో. రో అంటే పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టే డబ్బా. కాలమ్ అంటే ఒకదాని కింద ఒకటి పేర్చే డబ్బా. ఒకదాని మీద ఒకటి పెట్టాలంటే స్టాక్, ఫోటో మూల మీద ఎర్ర చుక్క కనిపిస్తుంది చూడండి, అది అలా వచ్చేదే. మీరు చూసే స్క్రీన్లలో చాలా వరకు ఈ మూడింటితో కట్టేయొచ్చు. నా రోలో ఎడమ పక్క "చేతి పొడవు" అని టెక్స్ట్, కుడి పక్క అంకె. అంకెలన్నీ ఒకే వరసలో నిలబడితే అందంగా ఉంటుందని, అంకె చుట్టూ సైజ్డ్‌బాక్స్ అనే డబ్బా పెట్టి, వెడల్పు 44 అని రాసేశా. లైను ఒకటే ఉండాలని మ్యాక్స్ లైన్స్ 1 అని కూడా పెట్టా. నా ఫోన్లో చూసుకున్నా. సూపర్‌గా ఉంది.

అమ్మ ఫోన్లో అక్షరాల సైజు బాగా పెద్దది పెట్టుకుని ఉంటుంది. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడానికే నన్ను పిలిచే మనిషి, ఫోన్లో చిన్న అక్షరాలు ఎక్కడ చదువుతుంది? నా ఫోన్లో 16 సైజు ఉన్న అక్షరం ఆమె ఫోన్లో ఒకటిన్నర రెట్లు పెరిగి 24 అయింది. అక్షరం పెరిగింది. కానీ 44 అని నేను రాసిన డబ్బా మాత్రం పెరగలేదు. అందులో 10 ½ మొత్తం పట్టలేదు. పట్టకపోతే టెక్స్ట్ ఏం చేస్తుంది? ఖాళీ ఉన్న చోట విరిగి, మిగతాది కింది లైన్లోకి పంపుతుంది. కింది లైను లేదు, ఒకటే లైను అని నేనే కదా చెప్పా. కాబట్టి ½ మాయం. స్క్రీన్ మీద మిగిలింది 10. శుభ్రంగా, నిండుగా, ఎక్కడా తప్పు కనపడకుండా 10.

అమ్మ పట్టుగుడ్డ మీద పది అంగుళాలకి చేతులు కత్తిరించింది.

పట్టు జాకెట్టు చేతులకి చివర జరీ అంచు వస్తుంది, మడత విప్పి పెంచడానికి వీలుండదు. పెళ్లికి ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయి వేసుకుని చూస్తే చేతులు పొట్టి. ఆది జాకెట్టు పక్కన పెట్టి చూస్తే సరిగ్గా అరంగుళం తేడా. అమ్మ పుస్తకం తీసింది, అందులో పదిన్నర ఉంది. నా యాప్ తీసింది, అందులో పది ఉంది. నా వైపు చూసింది. ఏమీ అనలేదు. రాత్రంతా కూర్చుని మిగిలిన ముక్కతో చేతుల చివర పట్టీ వేసి ఇచ్చింది, కుట్టుకూలి తీసుకోలేదు. మర్నాటి నుంచి మళ్లీ పుస్తకమే.

నేను ముందు డేటా తప్పు పడిందేమో అని వెతికా. డేటాబేస్‌లో 10.5 భేషుగ్గా ఉంది. తప్పు అంతా ఆ డబ్బాలో ఉంది.

ఇప్పుడు సైజు లెక్క చూద్దాం. ఫ్లట్టర్‌లో పెద్ద డబ్బా తన లోపలి డబ్బాకి ఒక హద్దు చెప్తుంది: నువ్వు కనీసం ఇంత ఉండాలి, గరిష్ఠంగా ఇంతే ఉండాలి. లోపలిది ఆ హద్దులో తనకి కావలసిన సైజు ఎంచుకుని పైకి చెప్తుంది. ఎక్కడ నిలబెట్టాలో మళ్లీ పెద్దదే నిర్ణయిస్తుంది. ఇంట్లో పెళ్లి షాపింగ్ లాగే అనుకోండి. నాన్న బడ్జెట్ చెప్తాడు, అందులో చీర మనం ఎంచుకుంటాం. నేను సైజ్డ్‌బాక్స్ పెట్టి కనీసం 44, గరిష్ఠం 44 అన్నా. అంటే ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ 44 అంటే 44 పిక్సెల్స్ కాదు, ఇది కూడా తెలుసుకోండి. మీ ఫోన్ స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్స్ ఉందనుకోండి. చాలా ఫోన్లలో దాన్ని 3తో భాగించి యాప్‌కి 360 అని చెప్తారు. ఈ 360 అనేది లాజికల్ పిక్సెల్స్, ఆండ్రాయిడ్ వాళ్లు డీపీ అంటారు. వాట్సాప్‌లో పెట్టే డీపీ కాదండీ. దీనివల్ల తక్కువ రిజల్యూషన్ ఫోన్లో అయినా, ఎక్కువ రిజల్యూషన్ ఫోన్లో అయినా బటన్ మీ వేలికి దాదాపు ఒకే సైజులో కనిపిస్తుంది. కానీ అక్షరాలకి దీని మీద ఇంకో గుణింపు ఉంటుంది, అదే యూజర్ పెట్టుకున్న ఫాంట్ సైజు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి దాన్ని 200 శాతం వరకు పెంచుకోవచ్చు. అందులోనూ చిన్న అక్షరాలు ఎక్కువ పెరుగుతాయి, ఇప్పటికే పెద్దగా ఉన్న హెడ్డింగులు అంతగా పెరగవు. కాబట్టి అక్షరాలు ఉన్న డబ్బాకి మీరు వెడల్పు గానీ ఎత్తు గానీ అంకెగా రాశారంటే, అవతలి మనిషి కంటిచూపు మీద పందెం కాసినట్టే.

మరి ఎలా సరిచేశా? సైజ్డ్‌బాక్స్ తీసేశా. మ్యాక్స్ లైన్స్ తీసేశా. ఎడమ పక్క పేరుకి మాత్రం ఎక్స్‌పాండెడ్ అనే విడ్జెట్ ఉంచా. ఇక్కడ రో చేసే పని చాలా తెలివైనది. ముందు ఎక్స్‌పాండెడ్ లేని పిల్లల్ని "మీకెంత కావాలి" అని అడిగి ఇచ్చేస్తుంది. మిగిలిన చోటు ఎక్స్‌పాండెడ్ ఉన్నవాళ్లకి పంచుతుంది. అంటే అంకెకి ముందు వడ్డన. పేరుకి చోటు తక్కువైతే "చేతి" ఒక లైను, "పొడవు" ఇంకో లైను అవుతుంది, అయితే అవనివ్వండి. పేరు విరిగితే ఎవరి జాకెట్టూ పాడవదు. రెండింటిలో ఏది విరగకూడదో తేల్చుకోవడమే అక్కడ డిజైన్.

మీలో ఫ్లట్టర్ మొదలుపెట్టినవాళ్లు పసుపు నలుపు చారలు చూసే ఉంటారు. రోలో పిల్లలు పట్టక బయటికి పొంగితే స్క్రీన్ అంచున ఆ చారలు వస్తాయి. చూడగానే కంగారు పడతాం గానీ అవి మన మంచికే. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఆ చారలు డీబగ్ మోడ్‌లో మాత్రమే కనిపిస్తాయి, జనానికి ఇచ్చే రిలీజ్ యాప్‌లో రావు, అక్కడ పొంగిన భాగం ఊరికే కనపడకుండా పోతుంది. ఇంకోటి, నా విషయంలో డీబగ్‌లో కూడా చారలు వచ్చేవి కావు. ఎందుకంటే నా టెక్స్ట్ బుద్ధిగా 44లోనే ఒదిగింది, హద్దు దాటలేదు. తన లోపలి మాటని మింగేసింది, అంతే. మనం ఏమీ చెప్పకపోతే టెక్స్ట్ విడ్జెట్ అలా కత్తిరించేస్తుంది. ఎలిప్సిస్ అని పెడితే కనీసం చివర మూడు చుక్కలు వచ్చి, ఇంకా ఏదో ఉందని తెలుస్తుంది.

మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు పెట్టి "లక్ష్మి" అని రాసి చూడండి. కింద మ వత్తు సగం తెగిపోతుంది, కొన్నిసార్లు పైన గుడి కూడా. మన లిపి పైకీ పెరుగుతుంది, కిందికీ దిగుతుంది. టెక్స్ట్ అనేది అన్నిటికన్నా తేలికైన విడ్జెట్ అనుకుంటాం గానీ లోపల చాలా పని జరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో ఏమైందో తెలుసా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకి ఒక తెలుగు అక్షరం, జ్ఞా లాంటిది, లోపల కంటికి కనపడని ఒక క్యారెక్టర్ కలిసినది, మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ క్రాష్ అయ్యేది. యాపిల్ అదే నెలలో 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఒక్క అక్షరం! కాబట్టి మీ యాప్‌ని తెలుగులో చూడకుండా తెలుగువాళ్లకి ఇవ్వకండి.

అసలు తప్పు దొరికాక, మిగతావి కూడా చూద్దామని అమ్మ పక్కన కూర్చుని ఆమె యాప్ వాడుతుంటే గమనించా. అప్పుడు బయటపడ్డాయి ఒక్కొక్కటీ.

ఫారంలో టెక్స్ట్ ఫీల్డులు. పేరు రాసే బాక్సు లోపల "పేరు" అని బూడిద రంగులో పెట్టా, దాన్ని హింట్ అంటారు. టైప్ చేయడం మొదలుపెట్టగానే హింట్ పోతుంది. పేరు అయితే పర్వాలేదు. ఆరు బాక్సుల్లో ఆరు అంకెలు పడ్డాక, ఏది భుజం, ఏది చంక? అమ్మ ఒక్కోటి చెరిపి చూసుకుంటోంది, పాపం. హింట్ బదులు లేబుల్ పెడితే, టైప్ చేసినా అది పైకి జరిగి చిన్నగా అక్కడే ఉంటుంది. ఒక్క మాట మార్పు కోడ్‌లో. అలాగే కీబోర్డ్ టైప్ అంకెలకి మార్చి, దశాంశం చుక్క కూడా వచ్చేలా పెట్టా.

కీబోర్డ్ పైకి రాగానే ఇంకో గొడవ. ఫ్లట్టర్‌లో స్కాఫోల్డ్ అనే బయటి డబ్బా కీబోర్డ్ వచ్చినప్పుడు తనంతట తనే లోపలి చోటుని కుదిస్తుంది. కానీ నేను ఫీల్డులన్నీ మామూలు కాలమ్‌లో పేర్చా. కాలమ్ స్క్రోల్ అవదు. దాంతో సేవ్ బటన్ కీబోర్డ్ వెనక్కి పోయింది. కీబోర్డ్ దించాలని అమ్మ బ్యాక్ నొక్కుతుంది, ఒక్కోసారి రెండుసార్లు పడుతుంది, ఫారమే పోతుంది, రాసినదంతా పోతుంది. కాలమ్‌ని సింగిల్ చైల్డ్ స్క్రోల్ వ్యూలో పెడితే స్క్రోల్ సమస్య తీరింది. రాసింది పోవడం మాత్రం వేరే విషయం. బాక్సులో కనిపించే అక్షరాలు కంట్రోలర్ అనే దాంట్లో ఉంటాయి, ఫారంతో పాటు అదీ పోతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో అంకె మారగానే డ్రాఫ్ట్‌గా సేవ్ చేస్తున్నా.

బటన్ గురించి చెప్పాలంటే నాకే నవ్వొస్తుంది. సేవ్‌కి ఫ్లాపీ డిస్క్ ఐకాన్ ఒక్కటే పెట్టా, మాట లేకుండా, చాలా మోడర్న్‌గా. "ఏంట్రా ఈ పాత టీవీ బొమ్మ?" అంది అమ్మ. ఫ్లాపీ నేనూ ఎప్పుడూ ముట్టుకోలేదు, నిజం చెప్పాలంటే. పోనీ తెలుగులో రాద్దామని "భద్రపరచు" అని పెడితే, "ఏదీ, బీరువాలోనా?" అంది. ఏం రాయమంటావని అడిగితే "రాసుకో అని పెట్టు" అంది. ఇప్పుడు ఆ బటన్ మీద ఉన్న మాట అదే.

ఆ ఐకాన్ కూడా చిన్నది, 24 సైజు బొమ్మకి నొక్కితే పనిచేసేలా జెస్చర్ డిటెక్టర్ తగిలించా. చూడ్డానికి బటన్ లాగే ఉంటుంది గానీ అది బటన్ కాదు. నొక్కినప్పుడు రంగు మారదు, చూపు లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని బటన్ అని చెప్పదు. పైగా ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్ ప్రకారం వేలితో నొక్కే చోటు కనీసం 48 బై 48 డీపీ ఉండాలి, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. యాపిల్ వాళ్లు 44 పాయింట్లు అంటారు. బొమ్మ చిన్నదైనా సరే, చుట్టూ నొక్కుడు చోటు అంత ఉండాలి. ఐకాన్ బటన్ అనే రెడీమేడ్ విడ్జెట్ వాడితే ఆ 48 మామూలుగా అదే చూసుకుంటుంది. ఒక చేతిలో టేపు, ఇంకో చేతి వేళ్లకి సుద్ద, ఆ చేత్తో నొక్కాలి అమ్మ.

ఇంకో ముచ్చట. అన్ని కొలతలూ నింపేదాకా బటన్ నొక్కుడు పడకుండా చేశా. ఆన్‌ప్రెస్డ్ దగ్గర నల్ అని ఇస్తే బటన్ బూడిద రంగులోకి పోతుంది. ఇది చాలా యాప్స్‌లో చేస్తారు. నాకిప్పుడు నచ్చదు. వెనక మెడ ఖాళీగా ఉందని ఆమెకి తెలియదు, బటన్ పాడైందనుకుంది. నొక్కనిచ్చి, ఖాళీగా ఉన్న బాక్సు కింద "ఇది రాయలేదు" అని ఎర్రగా చూపిస్తే సరిపోయింది.

లిస్టు గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తా. అమ్మ కస్టమర్లు మూడు వందల మంది పైనే. వాళ్లందరినీ కాలమ్‌లో పేరిస్తే మూడు వందల డబ్బాలూ ఒకేసారి కట్టాలి. లిస్ట్ వ్యూ బిల్డర్ అయితే స్క్రీన్ మీద కనిపించేవీ, వాటికి కాస్త పైనా కిందా ఉన్నవీ మాత్రమే కడుతుంది. పాత ఫోన్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. ఆ లిస్ట్ వ్యూని తీసుకెళ్లి నేరుగా కాలమ్‌లో పెడితే ఎత్తుకి హద్దు లేదని ఎర్రర్ వస్తుంది. ఇందాక చెప్పిన హద్దుల లెక్కే అది. కాలమ్ ఎంత ఎత్తైనా తీసుకో అంటుంది, లిస్టు ఇచ్చినంతా తీసుకుంటానంటుంది. మధ్యలో ఎక్స్‌పాండెడ్ పెట్టండి, తగువు తీరిపోతుంది.

ఇప్పుడు నేను ఏ స్క్రీన్ చేసినా ముందు నా ఫోన్లోనే ఫాంట్ సైజు చివరిదాకా లాగి, యాప్ తెలుగులో పెట్టి, కీబోర్డ్ తెరిచి చూస్తా. రెండు నిమిషాల పని. మీరు చేసిన యాప్ ఉంటే ఇప్పుడే చేసి చూడండి, లేదంటే మీరు వాడే యాప్స్‌లో చూడండి. డబ్బులు చూపించే స్క్రీన్లలో అంకెలు ఎలా విరుగుతున్నాయో ముఖ్యంగా చూడండి. అయ్యాక లేఅవుట్ బౌండ్స్ ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేదంటే ఇంట్లో ఎవరైనా ఫోన్ పాడైందనుకుంటారు.

అమ్మ కొన్ని నెలల తర్వాత యాప్ మళ్లీ తెరిచింది, అదీ పుస్తకం పక్కన పెట్టుకునే. ముందు పుస్తకంలో రాస్తుంది, తర్వాత యాప్‌లో ఎక్కిస్తుంది, కత్తెర పట్టే ముందు రెండూ చూస్తుంది. మొన్న అడిగింది, "ఆది జాకెట్టు ఫోటో కూడా ఆ కొలతల పక్కన పెట్టొచ్చా? మెడ షేపు అంకెల్లో తెలియదు కదరా" అని. పెట్టొచ్చు. కానీ నిలువు ఫోటోని అడ్డం డబ్బాలో పెడితే మెడ షేపు సాగిపోతుందా, కత్తిరించుకుపోతుందా అనేది బాక్స్ ఫిట్ అనే సెట్టింగ్ మీద ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఇమేజ్ విడ్జెట్ తెరిచి అదే చూద్దాం.